చార్జర్ కరెంటులో అలలు: రిపుల్ అంటే ఏంటి, ఎండాకాలంలో కండెన్సర్ తల ఎందుకు ఉబ్బుతుంది?

ఈ వారం ఎపిసోడ్‌ని డ్యూటీ బస్సులో సగం విని నిద్రపోయినవాళ్ళ కోసం, లెక్కలు మళ్ళీ ఒకసారి నిదానంగా చూసుకుందాం అనుకునేవాళ్ళ కోసం ఈ పోస్టు. మధ్యలో మన అతిథితో జరిగిన మాటల్లో ముఖ్యమైన భాగం అక్షరాల్లో పెట్టాను.

ఈ మధ్య వచ్చిన వాయిస్ మెసేజుల్లో మూడు ప్రశ్నలు ఎక్కువగా కనిపించాయి. ఒకటి: "అన్నా, చార్జింగ్ పెడితే ఫోన్ స్క్రీన్ దానంతట అదే నొక్కుకుంటోంది, తీసేస్తే బాగుంటోంది. ఫోన్ పాడైందా?" రెండోది: "రూములో స్పీకర్ పాట లేకపోయినా బూ... అని మోగుతోంది." మూడోది ఏసీ పని చేసే తమ్ముళ్ళది: "ఇన్వర్టర్ ఏసీ బయటి బోర్డుల్లో ప్రతి ఎండాకాలం అవే కండెన్సర్లు పోతున్నాయి, ఎందుకు?"

ఇవి మూడు వేర్వేరు జబ్బుల్లా కనిపిస్తాయి కానీ మూలం దాదాపు ఒక్కటే. దాని పేరు రిపుల్. తెలుగులో చెప్పాలంటే సాఫీగా ఉండాల్సిన కరెంటులో మిగిలిపోయిన అల.

అల ఎక్కడి నుంచి వస్తుంది?

మనం ఉన్న యూఏఈలో గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టుల ఏసీ, 50 హెర్ట్జ్. ఊళ్ళోనూ అంతే. అంటే సెకనుకి 50 సార్లు వోల్టేజీ పైకి ఎక్కి, సున్నాకి దిగి, కిందకి పోయి, మళ్ళీ సున్నాకి వస్తుంది. 230 అనేది లెక్క కోసం చెప్పుకునే సరాసరి లాంటి అంకె. శిఖరం దగ్గర అది సుమారు 325 వోల్టులు. ఈ 325 గుర్తుపెట్టుకోండి, ప్రాణం మీదకి వచ్చే అంకె అది.

ఫోన్‌కి, స్పీకర్‌కి, టీవీ బోర్డుకి కావాల్సింది డీసీ. ఒకే దిక్కుగా, ఒకే మట్టంలో. అందుకని నాలుగు డయోడ్లు పెట్టి, కిందకి పోయే సగాన్ని కూడా పైకి తిప్పుతారు. దీన్నే బ్రిడ్జి అంటాం. ఇప్పుడు దిక్కు ఒకటే అయింది. కానీ మట్టం? సెకనుకి 100 గుట్టలు, వాటి మధ్య సున్నా దాకా దిగే 100 లోయలు. ఇది డీసీ అని పేరుకే.

సౌదీలో ఉన్న మనవాళ్ళకి చిన్న తేడా. అక్కడ 60 హెర్ట్జ్, కాబట్టి సెకనుకి 120 గుట్టలు.

బోరింగు, గోళెం, నల్లా

ఎపిసోడ్‌లో చెప్పిన పోలిక ఇదే. మన ఊరి చేతి బోరింగు గుర్తుచేసుకోండి. కొట్టినప్పుడల్లా దబ్బున నీళ్ళు వస్తాయి, చెయ్యి పైకి లేపినప్పుడు ఆగిపోతాయి. ఆ ధార కింద నేరుగా చెంబు పెడితే ఆగి ఆగి నిండుతుంది. అదే బోరింగు కింద ఒక గోళెం పెట్టి, గోళేనికి అడుగున నల్లా బిగిస్తే (ఆంధ్రా వైపు వాళ్ళు కుళాయి అనుకోండి) నల్లాలో ధార ఆగకుండా వస్తుంది.

ఆ గోళెమే కండెన్సర్, అంటే కెపాసిటర్. నల్లా నుంచి మనం వాడుకునే నీళ్ళు కరెంటు. గోళెంలో నీటి మట్టం వోల్టేజీ. బోరింగు కొట్టినప్పుడు మట్టం కొంచెం ఎక్కుతుంది, ఆగినప్పుడు కొంచెం దిగుతుంది. ఆ ఎక్కుదిగుడే రిపుల్.

ఈ పోలికలోనే మొత్తం సూత్రం ఉంది. గోళెం పెద్దదైతే మట్టం తక్కువ ఊగుతుంది. నల్లా ఎక్కువ తిప్పితే ఎక్కువ ఊగుతుంది. బోరింగు గబగబా కొడితే చిన్న గోళెమైనా సరిపోతుంది. అంటే, రిపుల్ కావాలంటే కరెంటుని గుట్టల సంఖ్యతోనూ, కెపాసిటర్ విలువతోనూ భాగించాలి.

అంకెలు వేద్దాం. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం స్పీకర్, 1 ఆంపియర్ తీసుకుంటోంది. సెకనుకి 100 గుట్టలు. 1000 మైక్రోఫారడ్ల కండెన్సర్ ఉంటే రిపుల్ 10 వోల్టులు! ఉన్నదే 15, 16 వోల్టులు, అందులో 10 ఊగితే ఇంక మిగిలేది ఏముంది? 4700 మైక్రోఫారడ్లు పెడితే సుమారు 2.1 వోల్టులు. 10,000 పెడితే 1 వోల్టు. ఇది మోటు లెక్క. లోయ పూర్తయ్యేలోపే కండెన్సర్ మళ్ళీ నిండటం మొదలవుతుంది కాబట్టి అసలు విలువ దీనికన్నా కొంచెం తక్కువే ఉంటుంది. కానీ బజారులో ఏది కొనాలో తేల్చుకోవడానికి ఇది చాలు.

స్పీకర్ బూ... అనడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. లోపలి కండెన్సర్ ఎండిపోయి 4700 ఉండాల్సింది 1000కి పడిపోతే, ఆ 100 హెర్ట్జ్ అల నేరుగా చెవికి వినిపిస్తుంది. పరీక్ష సులువు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా, ఫోన్ వైరు పీకేసినా బూ... పోకపోతే అనుమానం స్పీకర్ సప్లయ్ మీద. ఫోన్ చార్జర్ పీకగానే పోతే తప్పు చార్జర్ వైపు ఉంది, స్పీకర్‌ని విప్పాల్సిన పని లేదు.

ఇటుకంత అడాప్టర్ ఇప్పుడు జేబులోకి ఎలా వచ్చింది?

పాత అడాప్టర్లు ఇటుకంత బరువు ఉండేవి, కొత్తవి అరచేతిలో ఇమిడిపోతాయి. కిటుకు బోరింగు వేగంలో ఉంది. కొత్త చార్జర్ ముందు 230 ఏసీని అలాగే 325 దగ్గరి డీసీగా మార్చుకుంటుంది. తర్వాత ఒక స్విచ్చి దాన్ని సెకనుకి పదుల వేల సార్లు కోస్తుంది. అంత వేగంగా కొడితే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, చిన్న గోళెం చాలు.

65,000 హెర్ట్జ్ అనుకోండి. అదే 1 ఆంపియర్, 470 మైక్రోఫారడ్లు. రిపుల్ సుమారు 33 మిల్లీవోల్టులు. ఇందాక 10,000 మైక్రోఫారడ్లు పెట్టినా 1 వోల్టు ఊగింది, ఇక్కడ అందులో ఇరవయ్యో వంతు కూడా లేని కండెన్సర్‌తో వోల్టులో ముప్పయ్యో వంతుకి వచ్చాం.

ఎంత ఉంటే మంచిది? కంప్యూటర్ సప్లయ్‌లకి రాసుకున్న ఏటీఎక్స్ ప్రమాణం ఒక కొలబద్ద: 12 వోల్టుల లైను మీద 120 మిల్లీవోల్టులు, 5 వోల్టుల లైను మీద 50 మిల్లీవోల్టులు దాటకూడదు. అంటే దాదాపు నూటికి ఒకటి.

చవక నకిలీ చార్జర్‌లో ఏం జరుగుతుంది? కనిపించని చోట కోత పెడతారు. ఒక కండెన్సర్ తక్కువ, ఒక కాయిల్ మాయం, ఇన్సులేషన్ సన్నం. 2012లో అమెరికాలో కెన్ షిరిఫ్ అనే ఇంజనీరు డజను యూఎస్‌బీ చార్జర్లని ఆసిలోస్కోప్ మీద పెట్టి చూశాడు. పైకి ఒకేలా కనిపించే అసలుకీ నకిలీకీ లోపల కరెంటు నాణ్యతలో చాలా తేడా ఉందని ఆ గీతలే చూపించాయి.

స్క్రీన్ దానంతట అదే ఎందుకు నొక్కుకుంటుంది?

ఫోన్ స్క్రీన్ మన వేలి ఒత్తిడిని కొలవదు. వేలు దగ్గరికి రాగానే గాజు కింది గీతల్లో కెపాసిటెన్స్ ఏ కొంచెం మారిందో చూస్తుంది. అది చాలా సన్నని సంకేతం. నాసిరకం చార్జర్‌తో ఫోన్ మొత్తం, భూమితో పోలిస్తే, వేగంగా పైకీ కిందకీ ఊగుతుంది. మన ఒళ్ళు భూమి వైపు, ఫోన్ ఇంకో వైపు. ఆ ఊగుడునే స్క్రీన్ వేలనుకుంటుంది.

ఖచ్చితంగా చెప్పాలంటే ఇది ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య ఉండే రిపుల్ కాదు, రెండూ కలిసి ఊగడం. రిపుల్‌కి తోబుట్టువు అనుకోండి. మందు మాత్రం ఒకటే, మంచి ఫిల్టర్ ఉన్న చార్జర్. కాబట్టి ముందు చార్జర్ మార్చి చూడండి. ఫోన్ రిపేరుకి దిర్హాములు పోయకండి.

చార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ లోహపు ఒంటి మీద చెయ్యి రాస్తే జివ్వుమంటుందని చాలామంది అంటారు. ఎర్త్ లేని అడాప్టర్లలో ఆ ఊగుడుని తగ్గించడానికి పెట్టిన ఒక చిన్న సేఫ్టీ కండెన్సర్ గుండా పోయే అతి సన్నని కరెంటు అది. మంచి కంపెనీ అడాప్టర్‌లో అది హద్దులో ఉంటుంది. కానీ జివ్వుమనడం వేరు, షాక్ కొట్టడం వేరు. చెయ్యి వెనక్కి లాక్కునేంత కొట్టిందంటే ఆ చార్జర్‌ని ఆ క్షణమే పక్కన పడెయ్యాలి.

ఇంకో మాట. ఇక్కడి మూడు కాళ్ళ ప్లగ్గు చూసి "ఎర్త్ ఉంది కదా" అనుకోవద్దు. చాలా ఫోన్ చార్జర్లలో పైకాలు ఉత్త ప్లాస్టిక్. సాకెట్ లోపలి మూత తెరుచుకోవడానికే అది ఉంటుంది. ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే, ఎర్త్ అవసరం లేకుండా రెండు పొరల ఇన్సులేషన్‌తో చేశారని అర్థం. నకిలీలో ఆ గుర్తు ఉంటుంది, లోపల పొర ఉండదు. ప్రమాదమంతా అక్కడే.

ఫిల్టర్: గోళెం తర్వాత ఇంకో గోళెం

ఒక్క కండెన్సర్ చాలకపోతే కాయిల్ కలుపుతారు. కాయిల్‌కి మార్పు అంటే గిట్టదు. సాఫీగా వచ్చే డీసీని పోనిస్తుంది, గబగబా ఊగే అలని అడ్డుకుంటుంది. మిగిలిన అలని దాని వెనకాల ఉన్న కండెన్సర్ మింగేస్తుంది. 10 మైక్రోహెన్రీల కాయిల్, 100 మైక్రోఫారడ్ల కండెన్సర్ కలిస్తే వాటి హద్దు సుమారు 5,000 హెర్ట్జ్. 65,000 దానికి 13 రెట్లు. అలని తగ్గించేది సుమారు 13 ఇంటూ 13, అంటే దాదాపు 170వ వంతుకి, కాగితం మీద. అదే జత 100 హెర్ట్జ్ అలని ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే అది హద్దు లోపలే ఉంది. అందుకే 100 హెర్ట్జ్‌కి పెద్ద కండెన్సర్, పెద్ద వేగానికి చిన్న కాయిల్.

7805, 7812 లాంటి రెగ్యులేటర్ ఐసీలు కూడా అలని సుమారు వెయ్యో వంతుకి దించుతాయి. ఒక షరతు ఉంది. లోపలికి వచ్చే వోల్టేజీ లోయలో కూడా బయటికి ఇచ్చేదానికన్నా సుమారు 2 వోల్టులు ఎక్కువ ఉండాలి. లోయ అంతకన్నా దిగితే ఐసీ చేతులెత్తేస్తుంది, బూ... బయటికి వస్తుంది.

ఐటీఐ, డిప్లొమా చదివే తమ్ముళ్ళకి ఒక్క ముక్క. పుస్తకంలో "ఫిల్టర్ రిపుల్" అని ఇంకో అర్థం కూడా వస్తుంది, కలిపేసుకోకండి. అక్కడ అల కాలంతో కాదు, ఫ్రీక్వెన్సీతో మారుతుంది. పోనివ్వాల్సిన శ్రుతులన్నిటినీ ఫిల్టర్ సమానంగా పోనిస్తోందా, కొన్నిటిని కొంచెం తొక్కుతోందా అన్నది లెక్క. స్టీఫెన్ బటర్‌వర్త్ 1930లో చెప్పిన ఫిల్టర్ ఆ భాగంలో చదునుగా ఉంటుంది, కానీ అడ్డుకోవడం మెల్లగా మొదలుపెడుతుంది. చెబిషెవ్ ఫిల్టర్ కొంచెం అలని ఒప్పుకుని, బదులుగా నిటారుగా కోస్తుంది. 1 డీబీ రిపుల్ అంటే వోల్టేజీలో సుమారు 11 శాతం తేడా.

ఎపిసోడ్ నుంచి: ఎండలో కండెన్సర్

మన అతిథి జగిత్యాల వైపు అన్న. దుబాయిలో చాలా ఏళ్ళుగా ఏసీ పని. పేరు వద్దన్నాడు.

నేను: అన్నా, ఇన్వర్టర్ ఏసీ బోర్డు అనంగానే మీకు మొదట ఏం కనబడ్తది?

అన్న: ఏముంటది తమ్మీ, డబ్బా ఇప్పంగనే పెద్ద కండెన్సర్లు కనబడ్తయి. నేను ముందు తలకాయలు చూస్త. చదునుగ ఉంటె సరే. ఉబ్బినట్టు ఉన్నా, కింద జిగట కారినట్టు ఉన్నా, సగం కథ తెలిసినట్టే.

నేను: ఊళ్ళో ఏసీలల్ల ఇంత తొందరగా పోవు కదా?

అన్న: ఊళ్ళె ఎండలు రెండు నెలలు. ఇక్కడ? మే నుంచి సెప్టెంబర్ దాక కాలుడే. మిద్దె మీద యూనిట్, మీద సూర్యుడు, లోపట కంప్రెసర్ వేడి. మనిషికైతె జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని బంద్. కండెన్సర్‌కు ఎవడిస్తడు బ్రేకు?

నేను: కొత్తగా పని నేర్చుకునే పిల్లలకి ఒక్క మాట చెప్పమంటే?

అన్న: కరెంటు బంద్ చేసిన కదా అని చెయ్యి పెట్టొద్దు. బ్రేకర్ పడ్డా కండెన్సర్ల కరెంటు నిలిచి ఉంటది. మీటర్ పెట్టి చూడాలె. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపిచ్చుడు మొగతనం కాదు, బోర్డు పోతది, కండ్లు పోతయి. రెసిస్టర్‌తోని మెల్లగ దించాలె, మల్ల మీటర్ పెట్టాలె.

అన్న చెప్పినదానికి లెక్క నేను జోడిస్తాను. ఈ ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ల లోపల తడి ద్రవం ఉంటుంది. వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. ఇంజనీర్లు వాడే మోటు సూత్రం: ప్రతి 10 డిగ్రీల వేడి పెరుగుదలకీ ఆయుష్షు సగం. ఒంటి మీద "105 డిగ్రీలు" అని రాసి, కంపెనీ 2,000 గంటలు అని చెప్పిందనుకోండి. 95 దగ్గర 4,000, 85 దగ్గర 8,000, 75 దగ్గర 16,000, 65 దగ్గర 32,000 గంటలు. రాత్రింబవళ్ళు నడిస్తే 65 దగ్గర మూడున్నరేళ్ళు దాటుతుంది. 85 దగ్గర పదకొండు నెలలే. బయట 45 డిగ్రీలున్న రోజు, ఎండలో ఉన్న మూసిన పెట్టె లోపల ఏ మెట్టు మీద ఉంటామో ఊహించుకోండి.

దీనికి తోడు రిపుల్ తనంతట తాను కూడా వేడి పుట్టిస్తుంది. అల కండెన్సర్‌లోకి వచ్చిపోయేటప్పుడు లోపలి చిన్న రెసిస్టెన్స్ వేడెక్కుతుంది. ద్రవం ఎండేకొద్దీ ఆ రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఇంకా వేడి, ఇంకా ఎండుడు, ఇంకా పెద్ద అల. పుండు మీద కారం చల్లినట్టు. తల మీద ఉండే గాట్లు, లోపల ఆవిరి పెరిగితే పగిలి బయటికి పోవడానికి పెట్టిన దారి. అక్కడ ఉబ్బిందంటే లోపల పని అయిపోయిందనే.

మార్చేటప్పుడు: మైక్రోఫారడ్లు అంతే ఉండాలి, వోల్టులు అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం, వీలైతే 5,000 గంటలది. రిపుల్ కరెంటు అంకె పాతదానికి తగ్గకూడదు. ప్లస్ మైనస్ తిరగబడకూడదు. పెద్దది పెడితే ఇంకా మంచిదని మూడింతలు పెట్టొద్దు. స్విచ్ వెయ్యగానే ఒక్కసారిగా పీల్చే కరెంటుకి డయోడ్లు పోతాయి. ఆ పెట్టెలో 325 వోల్టులు, కొన్ని మోడళ్ళలో ఇంకా ఎక్కువ ఉంటాయి. కంపెనీ మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి, కొలవండి, తర్వాతే చెయ్యి. మీ పని అది కానప్పుడు తెరవనే వద్దు.

కొలవడం గురించి: 100 హెర్ట్జ్ అలని మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో పట్టుకోవచ్చు. 65,000 హెర్ట్జ్ అలని చవక మీటర్ చూడలేదు, సున్నా అని చూపించి మోసం చేస్తుంది. దానికి ఆసిలోస్కోప్ కావాలి.

మెట్రో, గల్ఫ్ గ్రిడ్: ఇదే అల, పెద్ద ఎత్తున

2009 సెప్టెంబర్ 9న మొదలైన దుబాయి మెట్రో, పట్టాల పక్కన ఉండే మూడో పట్టా నుంచి 750 వోల్టుల డీసీ తీసుకుంటుంది. రైలు లాగేంత కరెంటుకి గోళెం ఎంత పెద్దది పెడతారు? అక్కడ ఉపాయం వేరు. మూడు ఫేజుల కరెంటు అంటే ముగ్గురు వంతులవారీగా బోరింగులు కొట్టినట్టు. ఒకరి చెయ్యి లేచేలోపు ఇంకొకరి ధార పడుతుంది. మూడు ఫేజుల బ్రిడ్జిలో 50 హెర్ట్జ్ మీద సెకనుకి 300 గుట్టలు. లోయ సున్నా దాకా పోదు, శిఖరం నుంచి సుమారు 13 శాతం దిగి మళ్ళీ లేస్తుంది. ఇలాంటి రెండు బ్రిడ్జీలని కొంచెం జరిపి కలిపితే 600 గుట్టలు, లోతు సుమారు 3.4 శాతమే. కండెన్సర్ పెట్టకముందే అల చాలావరకు పోయింది.

ఇంకా పెద్దది గల్ఫ్ దేశాల ఉమ్మడి గ్రిడ్. సౌదీ 60 హెర్ట్జ్, మిగతా ఐదు దేశాలు 50. నేరుగా కలపడం కుదరదు. అందుకే సౌదీ తూర్పున అల్ ఫాదిలీ దగ్గర, 600 మెగావాట్ల చొప్పున మూడు, మొత్తం 1,800 మెగావాట్ల కేంద్రం పెట్టారు. అది ఏసీని డీసీ చేసి, వెంటనే ఇంకో ఫ్రీక్వెన్సీ ఏసీగా మారుస్తుంది. 2009లో మొదలైంది, యూఏఈ 2011లో ఆ గ్రిడ్‌లో కలిసింది. అలాంటి చోట ఫిల్టర్లు పెద్ద కంచెల మధ్య వరుసలు వరుసలుగా నిలబడి ఉంటాయి. చేసే పని మాత్రం మన చార్జర్‌లోని వేలెడంత కాయిల్ చేసేదే.

కొనేటప్పుడు, ఊరికి పంపేటప్పుడు

యూఏఈలో ఇలాంటి కరెంటు సామాను అమ్మడానికి ఈకాస్ అనే ధ్రువీకరణ పద్ధతి ఉంది. ఇప్పుడది పరిశ్రమలు, అధునాతన సాంకేతికత మంత్రిత్వ శాఖ కింద నడుస్తోంది. రోడ్డు పక్క బుట్టలో పేరు లేని చార్జర్‌కన్నా బిల్లు ఇచ్చే దుకాణం నయం. లేబుల్ మీద "100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్" అని ఉంటే ఇక్కడా, సౌదీలోనూ, ఊళ్ళోనూ నడుస్తుంది, ప్లగ్గు కాళ్ళే వేరు. సౌదీ నుంచి మోటారు సామాను తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం 50 హెర్ట్జ్ రాసి ఉందో లేదో చూసుకోండి.

క్యాంపు రూముల్లో ఒక ఎక్స్‌టెన్షన్ మీద ఎనిమిది మంది చార్జర్లు వేలాడటం మనందరికీ తెలిసిన సంగతే. వాటిలో ఒకటి చెయ్యి కాలేంత వేడెక్కుతున్నా, సన్నగా కీచుమంటున్నా, కాలిన వాసన వస్తున్నా, ఎవరిదైనా సరే మొహమాటం లేకుండా పీకెయ్యండి. తలగడ కింద ఫోన్ పెట్టి చార్జింగ్ వద్దు. మంచి చార్జర్‌కి అయ్యే డబ్బు ఆ రూములో పడుకున్న ఎనిమిది మంది నిద్ర కన్నా ఎక్కువేం కాదు.

మీ బోర్డుల్లో ఉబ్బిన కండెన్సర్ల ఫొటోలు పంపండి. ఒంటి మీద అంకెలు కనిపించేలా తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటిని ఒక్కొక్కటిగా చదువుదాం. ఉంటాను, జాగ్రత్త.